ఎవరు పిలిస్తే వచ్చిందీ మెమ్‌కాపీ?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి చేరాయి. ప్రోగ్రామ్ ఎక్కడ నెమ్మదిస్తోందో చూద్దామని ప్రొఫైలర్ (ఏ ఫంక్షన్‌కు ఎంత సమయం పోతోందో చూపే సాధనం) పెట్టారు, కాల్ స్టాకులు (ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చెప్పే వరసలు) సరిగ్గా రాలేదు. కొన్నిటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం. కమాండ్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టండి. ‘డాష్’ అంటే ఒక అడ్డగీత, ‘డబుల్ డాష్’ అంటే రెండు.

ప్రశ్న: మిర్చి యార్డు కమీషన్ దుకాణాల కోసం సి ప్లస్ ప్లస్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాం. సర్వర్ ఉబుంటు 22.04. సీజన్లో సాయంత్రం తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీలు) తయారు చేసేటప్పుడు బాగా నెమ్మదిస్తోంది. లైనక్స్ ప్రొఫైలర్ పెర్ఫ్‌తో చూస్తే మెమ్‌కాపీ (మెమరీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి నకలు చేసే ఫంక్షన్) 38 శాతం అంటోంది. మా కోడులో ఎక్కడా మెమ్‌కాపీ అని రాయలేదు. డాష్ జి పెట్టి మళ్ళీ తీస్తే స్టాకులో ఒకటి రెండు వరసలు, ఆ పైన ‘అన్‌నోన్’. దాన్ని పిలుస్తున్నదెవరో పట్టుకునేదెలా?
– ఒక సాఫ్ట్‌వేర్ బృందం, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ రిపోర్టులో ఆ 38 శాతం నిజమే కావచ్చు. నమ్మకూడనిది స్టాకు.

పెర్ఫ్‌కు డాష్ జి అని మాత్రమే చెబితే అది ఫ్రేమ్ పాయింటర్ పద్ధతిలో స్టాకు తీస్తుంది. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో ఆ పనికి ఆర్‌బీపీ అనే రిజిస్టరు (ప్రాసెసర్ లోపలి చిన్న గూడు) ఉంది. ప్రతి ఫంక్షనూ మొదలవగానే పాత ఆర్‌బీపీ విలువను స్టాకు మీద దాచి, తన చోటును అందులో పెట్టుకోవాలి. అప్పుడు ఆర్‌బీపీ చూపే చోట పిలిచినవారి ఆర్‌బీపీ, దానికి 8 బైట్ల పైన తిరిగి వెళ్ళాల్సిన చిరునామా ఉంటాయి. కోల్డ్ స్టోరేజీలో ఒక్కో టిక్కీకి (మిర్చి బస్తాకు) కట్టిన చీటీ మీద ‘నా ముందు టిక్కీ ఫలానా వరసలో ఉంది’ అని రాసినట్టన్న మాట. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఒక్కో ఫ్రేముకు 16 బైట్లు చదువుకుంటూ చీటీ నుంచి చీటీకి పోతుంది. పని ఇంతే కాబట్టి చాలా వేగం.

చిక్కేమిటంటే, జీసీసీ కంపైలర్ డాష్ ఓ1 నుంచి పైకి వేగం పెంచే ఏ స్థాయిలోనైనా ఈ చీటీలు రాయడం మానేస్తుంది. ఆర్‌బీపీని మామూలు రిజిస్టరులా లెక్కలకు వాడుకుంటుంది. అప్పుడు కెర్నెల్‌కు అందులో దొరికేది చిరునామా కాదు, ఏ టిక్కీల సంఖ్యో, లూపు లెక్కో. దాన్ని చిరునామా అనుకుని చదవబోయి అక్కడే ఆగిపోతుంది. మీకు కనిపిస్తున్న ‘అన్‌నోన్’ అదే. 32 బిట్ల కాలంలో సాధారణ రిజిస్టర్లు ఎనిమిదే కనుక ఒకటి మిగిల్చుకోవడానికి అర్థం ఉండేది. ఇప్పుడు పదహారు ఉన్నాయి. ఫ్రేమ్ పాయింటర్ ఉంచుకుంటే పోయే వేగం మామూలు ప్రోగ్రాముల్లో ఒకటి రెండు శాతం, చాలాసార్లు అంత కూడా ఉండదు. ఏం జరుగుతోందో కనిపించని సర్వర్‌తో పోలిస్తే అది చవకే.

చేయాల్సింది: కంపైలర్ ఫ్లాగులకు ‘డాష్ ఎఫ్-నో-ఒమిట్-ఫ్రేమ్-పాయింటర్’ చేర్చండి. దానితోపాటు ‘డాష్ ఎం-నో-ఒమిట్-లీఫ్-ఫ్రేమ్-పాయింటర్’ కూడా చేర్చండి. ఇది ఇంకెవరినీ పిలవని చివరి ఫంక్షన్ల కోసం. కంపైలర్‌కు కూడా డాష్ జి ఇచ్చి (ఇది పెర్ఫ్ డాష్ జి కాదు) డీబగ్ సమాచారం ఉంచండి, దానివల్ల ప్రోగ్రామ్ నెమ్మదించదు, ఫైలు పెద్దదవుతుందంతే. బైనరీని స్ట్రిప్ చేయకండి, అంటే అందులోని పేర్లు తీసేయకండి. మొత్తం మళ్ళీ బిల్డ్ చేయాలి. ఒక్క ఫైలు పాత ఆబ్జెక్టుగా మిగిలినా గొలుసు అక్కడ తెగవచ్చు.

తరవాత ‘పెర్ఫ్ రికార్డ్ డాష్ ఎఫ్ 99 డాష్ జి డాష్ పి’ అని ప్రాసెస్ నంబరు, ఆ వెంటనే ‘డబుల్ డాష్ స్లీప్ 30’. ఈ ఎఫ్ పెద్దక్షరం. రిపోర్టు తెరిచే ముందు ‘పెర్ఫ్ స్క్రిప్ట్’ కొట్టి పచ్చి స్టాకులను ఓ ఇరవై కళ్ళతో చూడండి. ఈ మెట్టు దాటేసేవాళ్ళే ఎక్కువ. ప్రతి స్టాకూ చివరికి మెయిన్, ఆ కింద స్టార్ట్ దాకా పోవాలి. వేరే థ్రెడ్ అయితే స్టార్ట్-థ్రెడ్, క్లోన్ దాకా పోవాలి. అడుగు తాకని స్టాకులు గుంపుగా ఉంటే ఆ రిపోర్టులో ‘ఎవరు పిలిచారు’ అన్న భాగాన్ని పక్కన పెట్టండి.

‘అన్‌నోన్’లు రెండు రకాలు. పక్కనున్న చిరునామా 55తోనో 56తోనో 7ఎఫ్‌తోనో మొదలయ్యే పన్నెండంకెల హెక్స్ సంఖ్య అయితే గొలుసు బాగానే ఉన్నట్టు, పేరు చెప్పే సింబల్స్ లేవంతే. డీబగ్ ప్యాకేజీ పెడితే తీరుతుంది. అలాకాక ఒకటి, ఇరవై లాంటి చిన్న అంకో, పోలికే లేని పిచ్చి సంఖ్యో అయితే గొలుసు తెగింది. దానికి ఎన్ని సింబల్ ప్యాకేజీలు పెట్టినా లాభం లేదు. ఈ రెంటినీ కలిపేసుకుని రోజులు పోగొట్టుకునేవాళ్ళున్నారు.

ఇక మెమ్‌కాపీ సంగతి. గ్లిబ్‌సీలో (లైనక్స్‌లోని సి లైబ్రరీలో) అది అసెంబ్లీలో రాసింది; ఆర్‌బీపీని పాడు చేయదు, తన చీటీ మాత్రం రాయదు. కాబట్టి మెమ్‌కాపీలో ఉండగా తీసిన స్టాకులో నేరుగా పిలిచిన ఫంక్షన్ మాయమై, దాన్ని పిలిచిన ఫంక్షన్ కనిపిస్తుంది. ఒక్క మెట్టు తప్పిపోతుందని గుర్తుంచుకుని చదవండి. ఫంక్షన్ అప్పుడే మొదలై ఆర్‌బీపీ ఇంకా దాచుకోని క్షణంలో శాంపిల్ (పెర్ఫ్ తీసే ఒక్కో ఫొటో) పడ్డా ఇదే తేడా వస్తుంది. స్టాండర్డ్ లైబ్రరీ గుండా వెళ్ళే పిలుపుల్లో గొలుసు తెగడానికి ఇంకో కారణం ఉంది. ఉబుంటు 22.04లో లైబ్రరీలు ఫ్రేమ్ పాయింటర్ లేకుండా కట్టినవి. 24.04 నుంచి, ఫెడోరాలో 38 నుంచి పంపిణీ ప్యాకేజీలనే ఫ్రేమ్ పాయింటర్లతో కడుతున్నారు. పరీక్షకు ఒక 24.04 యంత్రం పెట్టుకోవడం అన్నిటికన్నా సులువు.

మీ కోడులో ఆ మాట లేకపోయినా మెమ్‌కాపీ రావడానికి మామూలు దారులు రెండు. స్ట్రింగునో వెక్టరునో రిఫరెన్సుగా కాక విలువగా పంపడం ఒకటి. వెక్టరుకు ముందే చోటు రిజర్వ్ చేయకుండా ఒక్కొక్కటే తోస్తూ పోవడం రెండోది. స్టాకు అడుగు తాకాక ముందు ఈ రెండూ చూడండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో జీప్రాఫ్ నేర్పారు. అందులోనూ కాల్ గ్రాఫ్ వస్తుంది కదా, పెర్ఫ్ ఎందుకు?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, కానూరు

జవాబు: జీప్రాఫ్ 1982 నాటిది. అది స్టాకు తీయదమ్మా. డాష్ పీజీతో కంపైల్ చేస్తే ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక చిన్న పిలుపు చేరి, ఎవరు ఎవరిని ఎన్నిసార్లు పిలిచారో లెక్కపెడుతుంది. సమయాన్ని వేరుగా కొలిచి, పిలుపుల సంఖ్యను బట్టి పంచేస్తుంది. ఒకరు వందసార్లు పిలిచినా ప్రతిసారీ పది రికార్డులే పంపితే, ఇంకొకరు ఒక్కసారి పిలిచి పది లక్షలు పంపితే, జీప్రాఫ్ తప్పు మొదటివాడి మీద వేస్తుంది. పైగా చిన్న ఫంక్షన్లకు ఆ లెక్కపెట్టే పనే బరువై కొలత మారిపోతుంది. పరీక్షలో రాయడానికి నేర్చుకోండి, పనికి పెర్ఫ్ లాంటి శాంప్లింగ్ ప్రొఫైలర్ వాడండి.

ప్రశ్న: మాకు సోర్సు లేని లైబ్రరీ ఒకటి ఉంది, మళ్ళీ బిల్డ్ చేయలేం. అందుకని ‘డబుల్ డాష్ కాల్-గ్రాఫ్ డ్వార్ఫ్’ పెట్టాం. నిమిషంలో డిస్కు నిండిపోయింది, ‘లాస్ట్ చంక్స్’ అని హెచ్చరిక కూడా వచ్చింది. రిపోర్టు తెరుచుకోవడానికి అరగంట పట్టింది.
– పటమట, విజయవాడ

జవాబు: డ్వార్ఫ్ అంటే కంపైలర్ రాసిపెట్టే డీబగ్ సమాచారపు రూపం. ఆ పద్ధతిలో పెర్ఫ్ గొలుసు పట్టుకుని నడవదు. ప్రతి శాంపిల్‌కూ యూజర్ స్టాకులో పై 8,192 బైట్లు ఉన్నదున్నట్టు ఎత్తి ఫైల్లో పోస్తుంది. విప్పడం తరవాత, రిపోర్టు తీసేటప్పుడు. మీరు డాష్ ఎఫ్ ఇవ్వలేదు కనుక పెర్ఫ్ తన మామూలు వేగం, సెకనుకు 4,000 శాంపిల్స్ తీసి ఉంటుంది. గుణించి చూడండి: పూర్తిగా పనిలో ఉన్న ఒక్కో కోరుకు సెకనుకు దాదాపు 33 ఎంబీ. నాలుగు కోర్లయితే 131 ఎంబీ. ఆ వేగానికి డిస్కు అందుకోలేకపోతే బఫర్ పొంగి శాంపిల్స్ పోతాయి. అవి పోయేది సరిగ్గా యంత్రం బిజీగా ఉన్నప్పుడే, అంటే మీకు కావలసిన క్షణాల్లోనే.

డాష్ ఎఫ్ 99 పెడితే అదే నాలుగు కోర్లకు సెకనుకు 3.2 ఎంబీ, ముప్ఫై సెకన్లకు 97 ఎంబీ. అది హాయిగా మోయవచ్చు. యంత్రమంతా కాకుండా డాష్ పితో ఒక్క ప్రాసెస్‌నే చూడండి. ఇంకా పోతుంటే ‘డాష్ ఎం’ (చిన్నక్షరం) ఆప్షన్‌తో బఫర్ పెంచండి.

స్టాకులు మధ్యలో తెగుతుంటే 8,192 చాలడం లేదన్న మాట. ఏదో ఫంక్షన్ స్టాకు మీదే 64 కేబీ అర్రే పెట్టుకుంటే ఆ ఒక్కటే మొత్తం తినేస్తుంది. ‘డ్వార్ఫ్ కామా 16384’ అని పెంచుకోవచ్చు, గరిష్ఠం 65,528. పెంచినంతా ఫైలు పెరుగుతుంది.

ఇందులో రెండు జాగ్రత్తలు. రికార్డు చేశాక రిపోర్టు తీసేలోపు బైనరీని మళ్ళీ బిల్డ్ చేస్తే విప్పడం తప్పుతుంది, పాతది దాచుకోండి. రెండోది మరీ ముఖ్యం. ఫైల్లోకి ఎత్తింది స్టాకు మెమరీ. అందులో పాస్‌వర్డులు, ఖాతా నంబర్లు, ఆ క్షణంలో చేతిలో ఉన్న ఏదైనా ఉండవచ్చు. ఆ ఫైలును ఎవరికీ మెయిల్‌లో పంపకండి, విప్పిన తరవాతి ఫలితాన్నే పంపండి.

ఇంటెల్ ప్రాసెసర్లలో హాస్వెల్ నుంచి ఎల్‌బీఆర్ అనే మూడో దారి ఉంది, హార్డ్‌వేరే చివరి పిలుపులను గుర్తు పెట్టుకుంటుంది. స్కైలేక్‌లో 32 మెట్లే. అద్దె క్లౌడ్ యంత్రాల్లో చాలాచోట్ల అదీ అందదు.

ప్రశ్న: 99 ఏమిటండీ? 100 పెడితే ఏం పోయె? ఎంతసేపు తీయాలి?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సు సరిగ్గా పావుగంటకొకటి కదులుతుందనుకుందాం. మీరూ సరిగ్గా పావుగంటకోసారే తొంగి చూస్తే, ప్రతిసారీ నిండుగా కదలబోయే బస్సే కనబడుతుంది, లేదా ప్రతిసారీ ఖాళీ ప్లాట్‌ఫారమే కనబడుతుంది. రెండూ అబద్ధమే. కంప్యూటర్లో సెకనుకు 100 సార్లు, 1,000 సార్లు మోగే టైమర్ పనులు చాలా ఉంటాయి. వాటితో అడుగు కలవకుండా ఉండటానికి 99.

ఎంతసేపు అన్నది శాంపిల్స్ లెక్క. ఒక కోరు ముప్ఫై సెకన్లు పూర్తిగా పనిలో ఉంటే 2,970 శాంపిల్స్. అందులో 5 శాతం వచ్చిన ఫంక్షన్ నిజమైన వాటా ఇంచుమించు 4.2కీ 5.8కీ మధ్య ఉంటుంది. మూడు సెకన్లే తీస్తే అదే 2.5 నుంచి 7.5 దాకా ఊగుతుంది. 40 శాతం తినే తప్పును పట్టడానికి పది సెకన్లు చాలు. మార్పు చేశాక 5 శాతం 4.5కి తగ్గిందని చెప్పుకోవాలంటే ముప్ఫై సెకన్ల కొలత ఏమీ తేల్చదు.

ప్రశ్న: మా జావా సర్వర్ మీద పెర్ఫ్ పెడితే అంకెలు తప్ప పేర్లు లేవు. వేరే జావా ప్రొఫైలర్ పెడితే పేర్లు వచ్చాయి గానీ, అది చూపిన మెథడ్‌ను బాగు చేసినా వేగం మారలేదు.
– ఒక డెవలపర్, మంగళగిరి

జవాబు: మొదటి దానికి కారణం, జావా కోడు నడుస్తుండగా మెమరీలోనే మెషీన్ కోడుగా మారుతుంది. దానికి డిస్కు మీద ఫైలు లేదు, సింబల్ పట్టిక లేదు. పైగా ఆ మార్పు చేసే హాట్‌స్పాట్ కంపైలర్ కూడా ఆర్‌బీపీని సొంతానికి వాడుకుంటుంది. ‘డాష్ ఎక్స్ఎక్స్ కోలన్ ప్లస్ ప్రిజర్వ్-ఫ్రేమ్-పాయింటర్’ అన్న ఆప్షన్ జేడీకే 8 అప్‌డేట్ 60 నుంచి ఉంది. అది పెట్టి, పేర్ల పట్టికను టెంప్ డైరెక్టరీలో పెర్ఫ్ చదివే మ్యాప్ ఫైలుగా రాయిస్తే పేర్లు వస్తాయి.

రెండోది ఇంకా మోసకారి. చాలా జావా ప్రొఫైలర్లు థ్రెడ్డును ఎక్కడంటే అక్కడ ఆపలేవు, సేఫ్‌పాయింట్ అనే నిర్ణీత చోట్లలోనే స్టాకు చదువుతాయి. లెక్కపెట్టే బిగుతైన లూపుల్లో అలాంటి చోటు లేకపోవచ్చు. కాలమంతా లూపు తింటుంది, నింద మాత్రం ఆ తరవాత సేఫ్‌పాయింట్ వచ్చిన మెథడ్ మీద పడుతుంది. మీరు బాగు చేసింది ఆ నింద పడ్డ మెథడ్‌నే అయి ఉంటుంది.

ఎసింక్-ప్రొఫైలర్ వాడండి. ‘ఏఎస్‌ప్రాఫ్ డాష్ డి 30 డాష్ ఎఫ్’ (ఈ ఎఫ్ చిన్నక్షరం) తరవాత హెచ్‌టీఎంఎల్ ఫైలు పేరు, ప్రాసెస్ నంబరు. జావా ఏ యూజరు కింద నడుస్తోందో ఆ యూజరుగానే నడపండి. పెర్ఫ్‌కు అనుమతి లేని యంత్రమైతే డాష్ ఈ ఐటైమర్ అని ఇవ్వండి. కెర్నెల్ వరసలు పోతాయి, జావా వరసలు ఉంటాయి. జేవీఎంను (జావాను నడిపే ప్రోగ్రామును) మొదలుపెట్టేటప్పుడే ‘అన్‌లాక్-డయాగ్నొస్టిక్-వీఎం-ఆప్షన్స్’, ‘డీబగ్-నాన్-సేఫ్‌పాయింట్స్’ రెండూ ఇస్తే, ఒకదాంట్లో ఒకటి ఇన్‌లైన్ అయిపోయిన మెథడ్లు కూడా సరిగ్గా తేలతాయి.

ప్రశ్న: రిక్వెస్టుకు నాలుగు సెకన్లు పడుతోంది, సీపీయూ చూస్తే 5 శాతం. పెర్ఫ్‌లో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఏ తప్పూ లేదనా?
– ఆటోనగర్ లారీ ట్రాన్స్‌పోర్టుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ చూసేవారు, విజయవాడ

జవాబు: పెర్ఫ్ మామూలుగా తీసేది సీపీయూ మీద ఉన్నవాళ్ళ ఫొటో. మీ థ్రెడ్డు నాలుగు సెకన్లలో ఎక్కువ భాగం నిద్రలో ఉంది: తాళం కోసమో, డిస్కు కోసమో, డేటాబేస్ జవాబు కోసమో. నిద్రపోయేవాడు ఆ ఫొటోలో పడడు.

ఇక్కడ అన్నిటికన్నా మోటు పద్ధతే ముందు చేయండి. నెమ్మదిగా ఉన్న సమయంలోనే జీడీబీ అనే డీబగ్గర్‌తో ఆ ప్రాసెస్‌ను పట్టుకుని ‘థ్రెడ్ అప్లై ఆల్ బీటీ’ అనండి. బ్యాచ్ ఆప్షన్‌తో ఇస్తే తీసి వదిలేస్తుంది. ఉబుంటులో దీనికి సుడో (అడ్మిన్ అనుమతి) కావాలి. రెండేసి సెకన్ల ఎడంతో పదిసార్లు తీయండి. సగం సమయం తినే నిరీక్షణ పదిసార్లలో ఒక్కసారీ కనపడకపోయే అవకాశం 1,024లో ఒకటి. కాబట్టి పది చాలు. జీడీబీ చదువుతున్నంతసేపూ ప్రాసెస్ మొత్తం ఆగి ఉంటుంది; వందల థ్రెడ్లు, పెద్ద సింబల్ ఫైళ్ళు ఉంటే ఆ ఆగడం సెకన్లకు పోవచ్చు. రద్దీ వేళ అసలు సర్వర్ మీద చేసే ముందు ఖాళీ వేళ ఒకసారి చేసి ఎంత పట్టిందో చూసుకోండి.

చదివేటప్పుడు, ఈపోల్-వెయిట్‌లోనో, పని కోసం చూసే పూల్ క్యూలోనో కూర్చున్న థ్రెడ్లను వదిలేయండి. వాళ్ళు బేరం లేక కూర్చున్నవాళ్ళు. పీథ్రెడ్-మ్యూటెక్స్-లాక్‌లో ఐదారుగురు వరసగా కనిపిస్తే, ఆ తాళం చేతిలో ఉన్న ఆరోవాడో ఏడోవాడో ఏం చేస్తున్నాడో వెతకండి. వాడు లాగ్ ఫైలుకు ఎఫ్‌సింక్ చేస్తూ (రాత డిస్కుకు చేరేదాకా ఆగుతూ) దొరకడం, తాళం పట్టుకునే డేటాబేస్‌ను అడుగుతూ దొరకడం చాలా మామూలు.

కొలతలు కావాలంటే బీపీఎఫ్‌సీసీ-టూల్స్ ప్యాకేజీలో ‘ఆఫ్‌సీపీయూటైమ్-బీపీఎఫ్‌సీసీ’ ఉంది. థ్రెడ్డు సీపీయూ వదిలిన క్షణాన్ని గుర్తు పెట్టుకుని, తిరిగి వచ్చినప్పుడు స్టాకు తీసి, మధ్యలో ఎంతసేపైందో మైక్రోసెకన్లలో కూడుతుంది. డాష్ పితో ప్రాసెస్, ‘డాష్ ఎం’ (చిన్నక్షరం) ఆప్షన్‌తో 1000 ఇవ్వండి, అంటే ఒక మిల్లీసెకనుకు తక్కువ నిద్రలు లెక్కలోకి రావు. బిజీ సర్వర్లో థ్రెడ్లు సెకనుకు లక్షల సార్లు మారుతుంటాయి. ప్రతి మార్పుకూ కొంత ఖర్చు పడుతుంది, ముప్ఫై సెకన్లు మించి వదలకండి. ఇది కూడా ఫ్రేమ్ పాయింటర్ల మీదే నడుస్తుంది. మొదటి జవాబులో చెప్పిన బిల్డ్ ఫ్లాగులు లేకుంటే ఇక్కడా అడుగు తాకని స్టాకులే వస్తాయి.

ప్రశ్న: డాకర్ లోపల పెర్ఫ్ నడిపితే పర్మిషన్ డినైడ్.
– లబ్బీపేట, విజయవాడ

జవాబు: డాకర్ తన మామూలు సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ను వడకట్టే) నిబంధనల్లో పెర్ఫ్ వాడే సిస్టమ్ కాల్‌నే అడ్డుకుంటుంది. కంటెయినర్ బయట, హోస్టు మీద సుడోతో నడపడం నయం. లోపలి ప్రాసెస్‌కు హోస్టులో ఉండే నంబరు ఇవ్వండి. సుడో లేకుండా కావాలంటే ‘కెర్నెల్ డాట్ పెర్ఫ్-ఈవెంట్-పారనాయిడ్’ విలువ చూడండి, ఉబుంటులో 4 ఉంటుంది, 1కి దించండి, పనయ్యాక మళ్ళీ ఎక్కించండి. అద్దె యంత్రంలో హార్డ్‌వేర్ కౌంటర్లు లేకపోతే పెర్ఫ్ సీపీయూ-క్లాక్‌కు మారుతుంది. స్టాకులు తీయడానికి అది చాలు. కాకపోతే కెర్నెల్ ఇంటరప్టులు ఆపుకుని చేసిన పనంతా, వాటిని తిరిగి తెరిచిన వరస మీద కుప్పగా పడుతుంది. ఆ వరసను దొంగ అనుకోకండి.

ప్రశ్న: ఫ్లేమ్ గ్రాఫ్‌లో ఎడమ వైపున్నది ముందు జరిగినట్టేనా?
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: కాదు. ఎడమ నుంచి కుడికి కాలం కాదు, పేర్లను అక్షర క్రమంలో పేర్చింది. బ్రెండన్ గ్రెగ్ 2011లో దీన్ని తయారు చేసిందే ఒకేలాంటి స్టాకులను పక్కపక్కన చేర్చి వెడల్పుగా చూపడానికి. వెడల్పు అంటే ఎన్ని శాంపిల్స్‌లో ఉందన్నది. ఎరుపు, పసుపు రంగులకు మామూలుగా అర్థం లేదు. సీపీయూ మీద నిజంగా ఉన్నది పై అంచున ఉన్న ఫంక్షన్. కింద ఉన్నవి దాన్ని పిలిచినవి.

ముందు చూడాల్సింది మాత్రం గ్రాఫు అడుగు. అన్ని గోపురాలూ మెయిన్ మీదో థ్రెడ్ మొదలు మీదో లేవాలి. ఆ పునాది పక్కన రెండు వరసల ఎత్తున పొట్టి మొండాలు నేల మీదే విడిగా నిలబడి ఉంటే, అవి తెగిన స్టాకులు. వాటి వెడల్పు కొలవండి. మొత్తంలో పదో వంతు దాటితే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా మళ్ళీ బిల్డ్ చేసి మళ్ళీ తీయండి.